కాగితంలో కొంగ

నా చిన్నప్పుడు మా ఇంటికి కాగితం మూటలు మూటలుగా వచ్చేది. చదవడం మాత్రం ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. ఈ మాట ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను. నలభై దాటాక, మనవరాలు పుట్టాక, మా వీధి చివర ఒక టీచరమ్మ సాయంత్రాలు చెబుతుంటే వెళ్ళి నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు ఇంకా నన్ను ఏడిపిస్తూనే ఉంటాయి.

అంతకుముందు ఎందుకు రాయలేదంటే, నన్ను బడికి పంపలేదు. అమ్మ పొద్దున్నే ఎండుచేపల తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయేది. నాయనమ్మ ఉన్నా పెద్దదైపోయింది. చెల్లెల్ని ఎత్తుకోవడానికి, చాప మీద ఆరబోసిన మెత్తళ్ళ చేపలను కాకులు ఎత్తుకుపోకుండా చూడటానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. ఇదొక కారణం. ఇంకో కారణం ఎవరికీ చెప్పలేదు. కాగితమంటే నాకు భయం. నాకే కాదు, మా కాలవకట్ట మీద అందరికీ భయమే. ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషి చేతిలో కాగితం పట్టుకుని కట్ట మీదికి వచ్చాడంటే, గుడిసెలు ఎప్పుడు తీసేస్తారో చెప్పడానికి వచ్చాడని అర్థం. పంపు దగ్గర ఆడవాళ్ళు పోట్లాట మధ్యలో ఆపేసి మరీ ఆ మనిషి వంక చూసేవాళ్ళు. అందుకని రాతలున్న కాగితం మీద కాలు కూడా వేసేవాళ్ళం కాదు.

మాది కొల్లేటి వైపు. అక్కడ చెరువులు చేతులు మారాక నాన్న మమ్మల్ని బెజవాడ తీసుకొచ్చి కాలవకట్ట మీద గుడిసె వేశాడు. ఆయన చేపల లారీల మీద వెళ్ళేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఎండుచేపలు అమ్మేది. వాటిని చుట్టి ఇవ్వడానికి కాగితం కావాలి కదా. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో కోత ముక్కలు, అచ్చు చెడిపోయిన కాగితాలు తూకానికి అమ్మేవాళ్ళు. అమ్మ ఆ మూట తెచ్చి నా ముందు పడేసేది. పెద్దవి సావిడాయి చేపలకి, చిన్నవి రొయ్యలకి, మరీ చిన్నవి పొయ్యి రాజెయ్యడానికి. అట్లా ఏరి పెట్టడం నా పని. సగం అచ్చయిన శుభలేఖలు, రంగు కలిసిపోయిన వినాయకుళ్ళు, తలకిందులుగా పడ్డ పెళ్ళికూతురి పేర్లు, అన్నీ మా చేపలకే వచ్చేవి.

అది ఎండాకాలం. కాలవ కట్టేసిన రోజులు. నీళ్ళు ఆపేస్తే కాలవ అడుగంతా బురద, పెంకులు, అక్కడక్కడ పచ్చటి మడుగులు. పెళ్ళిళ్ళ కాలం కూడా అదే కాబట్టి ప్రెస్సులో పని ఎక్కువ, మాకు మూటలు ఎక్కువ. ఆ పొద్దున మూట విప్పి ఏరుతుంటే అడుగున గట్టిగా ఏదో తగిలింది.

తీసి చూశాను. అరచెయ్యంత వెడల్పు, జానెడు పొడవు కాగితాలు దొంతరగా ఉన్నాయి. ఒక మూల ఇత్తడి మర బిగించి ఉంది. లాగితే విసనకర్రలా విచ్చుకుంది. ఏ రెండూ ఒకలాంటివి కావు. అప్పటిదాకా కాగితమంటే నాకు తెలిసింది తెల్లది, లేకపోతే పేపరు. ఇందులో ఒకటి కొరమేను వీపులా వేళ్ళ కింద జారిపోయింది. ఒకటి గోనె నేతలా గరుకు. ఒకదాంట్లో గులాబీ రేకుల తునకలు, గడ్డిపరకలు కలిసిపోయి ఉన్నాయి. గోటితో గీకితే ఊడి రాలేదు, కాగితంతోపాటే పుట్టినట్టున్నాయి. ఒకటి ఉల్లిపొర లాంటిది, దాని వెనక నా వేళ్ళు కనిపించాయి. మఖమల్ గుడ్డ లాంటిది ఒకటి, బంగారు దారపు పోగులున్నది ఒకటి. వాటి మీద ఏమీ రాసి లేదు. ప్రతి ఆకు వెనకా ఒక మూల చీమల బారులా చిన్న అక్షరాలు మాత్రం ఉన్నాయి. రాత లేని కాగితం కాబట్టి భయం లేకుండా బుగ్గకి ఆనించుకున్నాను. ఆ చల్లదనం ఇప్పటికీ గుర్తుంది.

అమ్మ తట్ట ఎత్తుకోబోతుంటే కానిస్టేబుల్ గారి భార్య ఎండు రొయ్యలకి వచ్చింది. వాళ్ళ క్వార్టర్స్ మా కట్ట వెనక రోడ్డులోనే. అమ్మ తొందరలో నా ఒళ్ళో ఉన్న దొంతరలోంచి చేతికి అందిన ఆకు లాగేసింది. మర దగ్గర ముందే కొంచెం చిరిగి ఉందేమో, చటుక్కున వచ్చేసింది. మీగడ రంగు ఆకు. అందులో రొయ్యలు పోసి పొట్లం కట్టి ఇచ్చేసింది. ఆవిడ తీసుకుని వెళ్ళిపోయింది. దాని పక్కది కూడా అదే రంగు, అదే మందం. జంట ఆకుల్లో ఒకటి పోయిందే అని బాధగా అనిపించి, మిగిలిన దాన్ని ఎండకేసి పట్టుకున్నాను.

కాగితం లోపల ఒక కొంగ నిలబడి ఉంది.

కెవ్వున అరిచి కింద పడేశాను. మళ్ళీ తీసి చూస్తే వట్టి కాగితం. పైన గీత లేదు, రంగు లేదు, తడిమితే వేలికి ఏమీ తగల్లేదు. ఎండకి పడితే మాత్రం ఒంటికాలి మీద కొంగ. దించితే లేదు. నాయనమ్మని పిలిచాను. ఆవిడ చూసి కొల్లేట్లో వాలేవి ఇవేనే అంది, తర్వాత ఏమనుకుందో చెయ్యి వెనక్కి తీసుకుంది.

నా అరుపుకి పక్కింటి బాబాయి వచ్చాడు. చేపల మార్కెట్లో హోల్‌సేల్ కొట్టు ముందు నోట్లు సరిచూసి తీసుకోవడం ఆయన పని. దొంగనోటు వస్తే ఆయన కూలిలోంచి పోయేది. అందుకని ఏ నోటు చేతికొచ్చినా ఎండకి పట్టి, ఒక కన్ను మూసి, లోపల సింహం బొమ్మ ఉందో లేదో చూసేవాడు. అది ఎంత అలవాటంటే బస్సు టిక్కెట్టు కూడా అట్లాగే చూసేవాడు. ఆయన ఆ ఆకుని ఎండకి పట్టి ఒక కన్ను మూశాడు. మూసిన కన్ను చాలాసేపు తెరవలేదు.

"వదినా, ఇది నీకెక్కడిది?" అన్నాడు మెల్లగా.

"ప్రెస్సుదే. ఏం, నీ పెళ్ళికి కార్డులు కొట్టించుకుంటావా?" అంది అమ్మ నవ్వుతూ.

"నవ్వమాక. లోపల బొమ్మ ఉండే కాగితం ఈ లోకంలో ఒక్కటే. నోటు కాగితం. ఎవరో దొంగనోట్లు కొట్టడానికి తెప్పించుకున్నారు. సింహం ఇంకా ఎక్కలేదు, కొంగతో సరిచూసుకున్నారు."

"పోవయ్యా, కొంగతో ఎవరన్నా సరిచూసుకుంటారా?"

"నమ్మకపోతే మూల కాల్చి చూడు. నోటు కాగితం గుడ్డతో చేస్తారు. గుడ్డ కాలిన వాసన రాకపోతే నన్నడుగు."

అమ్మ పొయ్యిలోంచి కొరివి తీసి ఇంకో దళసరి ఆకు అంచుకి తాకించింది. మామూలు కాగితంలా భగ్గుమనలేదు. మెల్లగా ఎర్రగా పాకింది. పాత చీర కాలిన వాసన వచ్చింది. అమ్మ గబుక్కున నలిపి ఆర్పేసింది. అమ్మ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నాకు తెలీదు గానీ, అది లేకుండా అమ్మ మొహం అంత చిన్నగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు నేనన్నాను, ఇంకో ఆకు పోలీసాయన ఇంటికి వెళ్ళిందమ్మా అని.

ఆ మాట అనగానే నాయనమ్మ కింద కూలబడింది. బాబాయి తల పట్టుకున్నాడు. రొయ్యల పొట్లం పోలీసు ఇంట్లో ఉంది. ఆయన భోజనానికి వస్తాడు, పొట్లం విప్పుతారు, కిటికీలోంచి వెలుతురు పడుతుంది, కొంగ కనిపిస్తుంది. ఎక్కడిదని భార్యనడుగుతాడు. కట్ట మీద ఎండుచేపలామె దగ్గరిదని ఆవిడ చెబుతుంది. ఇదంతా బాబాయి చూసి వచ్చినట్టే చెప్పుకుపోయాడు. అమ్మని జీపు ఎక్కించేదాకా చెప్పి ఆగాడు.

ప్రెస్సుకి తిరిగి తీసుకెళ్ళి ఇచ్చేద్దామని అమ్మ అంది. అది ఎవరిదో వాళ్ళు దొంగలైతే, చూసినందుకు ఊరుకుంటారా అన్నాడు బాబాయి. కాలవలో పారెయ్యమంది నాయనమ్మ. కాలవ కట్టేసి ఉంది, బురదలో పిల్లలు గోళీలాడుతున్నారు. పోనీ కాల్చేద్దామంటే ఎండకి పేట్రేగిన గాలి, పక్కపక్కనే తాటాకు కప్పులు. మధ్యాహ్నం పూట బయట నిప్పు వేస్తే కట్టంతా కలిసి తంతుంది. పొయ్యిలో పెడితే ఆ గుడ్డ వాసన ఊరంతా చాటింపు వేస్తుంది. చివరికి అమ్మ పెద్ద తట్టలో ఎండు సావిడాయిల అడుగున ఆ దొంతరని పెట్టి మూత వేసింది. ఆ కంపులో ఏ పోలీసూ చెయ్యి పెట్టడని ఆవిడ ధైర్యం. దాని మీద నన్ను కూర్చోబెట్టింది. ఎవరొచ్చినా లేవద్దని, ఏమడిగినా తెలీదని చెప్పమని ఒట్టు వేయించుకుంది.

ఆ మధ్యాహ్నం ఎంత పొడుగ్గా సాగిందో చెప్పలేను. మా ఊళ్ళో ఖాకీ చొక్కాలకి కొదవేముంది! ఆటోవాడు ఖాకీ, బస్సు డ్రైవరు ఖాకీ, పోస్టుమాన్ ఖాకీ. కట్ట కింద రోడ్డు మీద ఏ ఖాకీ కనిపించినా తట్ట మూతని రెండు చేతులతో నొక్కి పట్టుకునేదాన్ని. కట్ట మీదికి ఎండ ఎక్కేకొద్దీ తట్టలోంచి చేపల వాసన పెరిగింది. ఆ వాసనలోంచి కొంగ వాసన వస్తున్నట్టు, అది నా కింద రెక్కలు కదుపుతున్నట్టు అనిపించేది. కదిలితే ఎగిరిపోతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను. చెల్లెలు నిద్రపోయింది. దాన్ని చూస్తే అసూయగా ఉంది. అమ్మ రెండో చీర మడతపెట్టి గుడ్డసంచిలో పెట్టుకోవడం చూశాను. అది ఎందుకో నేనడగలేదు. జైలుకి చీర పట్టుకెళ్ళనిస్తారా అని మాత్రం మనసులో అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా బాబాయి కూతురు పరుగెత్తుకొచ్చింది. ఎవరో మనిషి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడట. కాగితాలు కొనుక్కెళ్ళే ఆమె ఇల్లు ఏదని అడుగుతున్నాడట. నాయనమ్మ అమ్మని చెయ్యి పట్టుకుని వెనక తడిక తప్పించి బాబాయి వాళ్ళ గుడిసెలోకి నెట్టేసింది. "నువ్వు కనపడమాక. పిల్లని ఏం చెయ్యర్లే" అంది. నాకు వినపడింది. పిల్లని ఏం చెయ్యరని ఆవిడకెలా తెలుసు?

ఆయన వచ్చి గడప ముందు సైకిలు ఆపాడు. నెరిసిన గడ్డం, తలమీద తెల్లటి అల్లిక టోపీ, చొక్కా జేబు మీద సిరా మరక. ఖాకీ కాదు. అయినా నా భయం తగ్గలేదు, మారువేషం అనుకున్నాను. నాయనమ్మ ఆ క్షణం నుంచి చెవిటిదైపోయింది. ఆయన ఏమడిగినా "ఆఁ? ఆఁ?" అంటూ ఆకాశం వంక చూసింది. ఆయన నా వైపు తిరిగాడు.

"బేటీ, నిన్న ప్రెస్సు నుంచి మూట తెచ్చింది మీ అమ్మేనా?"

"మాకేం తెలీదండి."

"అందులో నా కాగితాల గుత్తి ఒకటి కలిసిపోయింది. ఇంతే ఉంటుంది. మూలకి ఇత్తడి మర. చూశావా?"

"మాకేం తెలీదండి. మా ఇంట్లో కొంగలు లేవండి."

అనేశాక తెలిసింది నేనేమన్నానో. ఆయన కూడా ఆగిపోయాడు. ఆయన నవ్వి ఉంటే నేను జీవితంలో ఇంకెవ్వరితోనూ నోరు విప్పేదాన్ని కాదేమో. ఆయన నవ్వలేదు. సైకిలు గోడకి ఆనించి వచ్చి, గడప అవతల మట్టిలో కూర్చున్నాడు. నా మొహం కన్నా ఆయన మొహం కిందికి వచ్చింది. కాసిని మంచినీళ్ళు ఇప్పించమన్నాడు. లేవకూడదని ఒట్టు కదా, లేవలేదు. చెవిటి నాయనమ్మకి మాత్రం ఆ మాట వినపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"మా అమ్మని తీసుకెళ్తారా?" అని అడిగాను.

"ఎక్కడికి తల్లీ?"

"స్టేషనుకి."

ఆయన నీళ్ళు తాగకుండా చెంబు కింద పెట్టాడు. ఒట్టు మర్చిపోయి మొత్తం చెప్పేశాను. ఎండకి పట్టడం, గుడ్డ వాసన, రొయ్యల పొట్లం, అమ్మ సర్దుకున్న చీర, అన్నీ ఏడుస్తూ చెప్పాను. అంతా అయ్యాక, మీ ఇంట్లో అద్దం ఉందా అని అడిగాడు.

గుడిసె మధ్య నిట్రాడుకి వేలాడే చిన్న అద్దం ఉండేది. నాయనమ్మ తెచ్చిచ్చింది. మా మూటలోంచే తెల్ల కాగితం ముక్క ఒకటి ఏరుకున్నాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఆ ముక్కని ముంచి, తడిది తడిగానే అద్దం మీద పరిచాడు. దాని మీద పొడి కాగితం పెట్టాడు. అగ్గిపుల్ల తిప్పి మొద్దు కొస నా చేతికిచ్చి, ఏదన్నా బొమ్మ గీయమన్నాడు. నాకు వచ్చిన బొమ్మ ఒక్కటే, చేప. తట్ట దిగకుండానే వంగి గీశాను. గట్టిగా నొక్కమన్నాడు. నొక్కాను. పైకాగితం తీసేసి, తడి కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని గుమ్మంలో ఎండకి ఎత్తాడు.

కాగితం లోపల నా చేప ఈదుతోంది.

సిరా లేదు, రంగు లేదు. తెల్ల కాగితంలో తెల్లటి చేప, కొంగ ఎట్లా ఉందో అట్లాగే. ఆ ఎండకి కాగితం చూస్తుండగానే ఆరిపోయింది. చేప మాయమైంది. మళ్ళీ నీళ్ళలో ముంచాడు. చేప తిరిగొచ్చింది. నాయనమ్మ చెవుడు పూర్తిగా నయమైపోయి, "ఇంకోసారి, బాబూ, ఇంకోసారి" అంది. వెనక తడిక సందులోంచి అమ్మ కళ్ళు కనిపించాయి. తర్వాత అమ్మే వచ్చింది. వచ్చీ రాగానే చేతులు జోడించి, మాకేం తెలీదు బాబుగారూ, పిల్లలు గలదాన్ని అని మొదలెట్టింది. ఆయన అమ్మకి కూడా చేపని చూపించాడు.

ఆయన ఆ ప్రెస్సులో శుభలేఖలకి, షాపుల కాగితాలకి డిజైన్లు గీసే సాయిబుగారు. ఆ గుత్తి మిల్లులవాళ్ళు ఇచ్చిన నమూనాలట. పెళ్ళివారు వచ్చి వేళ్ళతో తడిమి ఇది కావాలి అంటే, ఆ కాగితం మద్రాసు నుంచో ఇంకెక్కడి నుంచో తెప్పించేవారు. మిల్లులో కాగితం ఇంకా తడి గుజ్జుగా ఉన్నప్పుడే తీగతో చేసిన బొమ్మని దాని మీద ఒత్తుతారు. నా అగ్గిపుల్ల చేప ఒక్క ఆరుదలకే మాయమవుతుంది, అది మాత్రం ఎప్పటికీ పోదు. ఆ కొంగ ఆ మిల్లు గుర్తు. మంచి కాగితాన్ని పత్తి గుడ్డతో కూడా చేస్తారట, అందుకే ఆ వాసన.

"లారీలో మీ తట్ట ఏదో తెలియడానికి ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు.

"ఎర్ర గుడ్డపీలిక కడతామండి."

"వాళ్ళు కొంగని కట్టుకున్నారు. అంతే."

అమ్మ అప్పుడు కూర్చుంది. చాలాసేపు కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది. ముందే వచ్చి ఇదేంటని ఒక్క మాట అడిగుంటే ఇంత హైరానా ఉండేది కాదు కదమ్మా అన్నాడు సాయిబుగారు. కోపంగా కాదు, బాధగానే అన్నాడు.

"ఎవర్ని అడుగుతాం బాబుగారూ? అడిగితే మా దగ్గరుందని తెలిసిపోయిద్ది" అంది అమ్మ.

ఆయన అప్పుడు చెంబు అందుకుని నీళ్ళు తాగాడు.

తట్ట మీద నుంచి నన్ను దించి, సావిడాయిల అడుగు నుంచి గుత్తి తీసి ఇచ్చాం. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని దూరం జరిపాడు. "ఇంక పెళ్ళివారు కార్డు వాసన చూసి, భోజనంలో ఏం పెడతారో చెప్పేస్తారు" అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం. అప్పటిదాకా తడిక వెనక దాక్కున్న బాబాయి కూడా వచ్చి, నేను ముందే చెప్పా, ఇది నోటు కాగితం కాదని, అన్నాడు. నాయనమ్మ చెంబు విసిరింది.

సాయిబుగారు ఒక్కో ఆకూ తిప్పి చూసుకున్నాడు. కాలిన అంచుని గోటితో దులిపాడు. మీగడ రంగు ఆకు దగ్గరికి వచ్చాక వేలు ఆగింది. జంట ఆకు ఉండాల్సిన చోట మరకి చిరుగుముక్క ఒకటి మిగిలి ఉంది. దాన్ని వేలితో రెండుసార్లు తడిమాడు. పోలీసాయన ఇంటికెళ్ళి ఎవరడుగుతారు బాబుగారూ అంది అమ్మ. పోనీలేమ్మా, ఒక్క ఆకే కదా అని లేచాడు. సైకిలెక్కేముందు మాత్రం మళ్ళీ ఒకసారి గుత్తి తెరిచి అక్కడే చూశాడు. ఆయన చూడటం నేను చూశాను.

తర్వాతి రోజుల్లో అమ్మతో ప్రెస్సుకి వెళ్ళినప్పుడల్లా ఆయన గదిలోకి వెళ్ళేదాన్ని. గోడ పొడవునా అరలు. ఒక అరలో పట్టు కాగితాలు, ఒక అరలో అట్టలు, ఒక అరలో ఆయన ఇన్నేళ్ళుగా గీసిన శుభలేఖల్లో ఒక్కొక్కటి అంటించి పెట్టిన పెద్ద పుస్తకాలు. కళ్ళు మూసుకోమని ఒక్కో కాగితం చేతిలో పెట్టి, ఇదేంటి అని అడిగేవాడు. నాకు వచ్చిన చేపల పేర్లతో చెప్పేదాన్ని, ఇది జెల్ల, ఇది కొరమేను, ఇది రొయ్యపొట్టు అని. కొన్నాళ్ళకి ఆయన కూడా ఆ పేర్లే అనేవాడు. గుత్తికి అంటిన మా చేపల కంపు పోవడానికి అందులో అత్తరు దూది పెట్టాడు. కంపు పోలేదు. అత్తరు పూసుకున్న సావిడాయిల వాసన వచ్చేది. ఆకుల వెనక చీమల బారుల్లా ఉన్న రాత ఏంటని ఒకసారి అడిగితే, కాగితం పేరు అన్నాడు. నేర్పనా అన్నాడు. వద్దండి అన్నాను. రాత అంటే ఇంకా భయంగానే ఉండేది. ఆ భయం పోవడానికి ముప్పయ్యేళ్ళు పట్టింది.

ఇప్పుడు మా ఇంటికి కరెంటు బిల్లు వచ్చినా, బ్యాంకు కవరు వచ్చినా, పెళ్ళికార్డు వచ్చినా ముందు రెండు వేళ్ళతో తడుముతాను, వెలుతురుకి పట్టి చూస్తాను, తర్వాతే చదువుతాను. మా అల్లుడు నవ్వుతాడు. అర్థం కాని కాగితం ఏదైనా వస్తే గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ దాన్ని తట్ట అడుగున దాచను. అదే కాగితం పట్టుకుని అదే ఆఫీసుకి వెళ్ళి, ఇదేంటండీ అని అడుగుతాను. టీచరమ్మ దగ్గరికి మొదటి సాయంత్రం వెళ్ళింది కూడా ఆ భయంతోనే. ఇదంతా సాయిబుగారు అగ్గిపుల్ల నా చేతిలో పెట్టినప్పుడే వచ్చిందని చెబితే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. అది మర్నాడు పొద్దున వచ్చింది.

మర్నాడు అమ్మ పంపు దగ్గరికి వెళ్ళగానే చెల్లెల్ని చంకనేసుకుని కట్ట దిగాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే వెళ్ళనివ్వరు. క్వార్టర్స్ ముందు కానిస్టేబుల్ గారు లుంగీ కట్టుకుని, మొహమంతా సబ్బు నురగతో గడ్డం గీసుకుంటున్నారు. ఖాకీ చొక్కా తీగ మీద వేలాడుతోంది. ఆ చొక్కాని చూడగానే నాకు వెనక్కి తిరగాలనిపించింది. చెల్లెలు బరువుగా ఉంది, అందుకే పరుగెత్తలేకపోయానని ఇప్పుడు అనిపిస్తుంది.

"ఎవరమ్మాయివే?"

"ఎండుచేపలామె కూతుర్నండి. నిన్న రొయ్యలు చుట్టిచ్చిన కాగితం కావాలండి."

"రొయ్యలు తినేశాం. కాగితం ఒక్కటే మిగిల్చాం" అని లోపలికి కేకేశారు. ఆవిడ వచ్చింది. అంత మంచి కాగితం పారెయ్యబుద్ధి కాలేదట, కొత్త ఆవకాయ జాడీ మీద వేసి పైన గుడ్డ కట్టిందట. విప్పి తెచ్చిచ్చింది. ఒక మూల ఎర్రగా నూనె మరక పడింది.

"ఇంత పొద్దున్నే దీనికోసమే వచ్చావ్. ఏముందే ఇందులో?" అన్నారాయన, కత్తి పట్టుకునే.

ఏం లేదండి అని వచ్చెయ్యొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. చెల్లెల్ని మెట్టు మీద దించాను. కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని, సాయిబుగారు పట్టుకున్నట్టే, పొద్దుటెండకి ఎత్తాను. చేతులు ఒణికితే కొంగ కూడా ఒణికింది. ఆవకాయ నూనెలో కాళ్ళు పెట్టి నీళ్ళలో నిలబడ్డట్టే ఉంది. ఆయన సబ్బు మొహంతో కిందికి వంగి, ఒక కన్ను మూసి చూశారు.

"కొంగండి" అన్నాను.